సి షిఫ్ట్ మధ్యాహ్నాలు

మా వీధిలో ఏ ఇంటి గేటుకైనా తువ్వాలు కట్టి ఉందంటే, ఆ ఇంట్లో మగమనిషి రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాడని అర్థం. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. గాజువాకలో మేముండే సందులో ప్లాంటుకు వెళ్లేవాళ్లే ఎక్కువ కాబట్టి రోజూ ఏదో ఒక గేటుకు తువ్వాలు కనిపించేది. తువ్వాలున్న గేటు ముందు ఆటోవాడు హారన్ కొట్టడు. పిల్లలు క్రికెట్ ఆడరు. గ్యాస్ బండ తెచ్చేవాడు దాన్ని దొర్లించకుండా భుజాన మోసుకొస్తాడు. యారాడ నుంచి వచ్చే చేపలామె సందు మొదట్లో "సేపలమ్మా, సేపలు" అని గొంతెత్తి అరుస్తూ వచ్చి, మా గేటు దగ్గరికి రాగానే గొంతు మింగేసి, గాజులు ఒక్కసారి గలగలమనిపించి నిలబడేది. అమ్మ వెళ్లి చేపను వేలితో చూపించేది, ఆమె వేళ్లు చూపించేది, అమ్మ తల అడ్డంగా ఊపేది. బేరమంతా మూగగానే తెగేది. నోటితో ఆడే బేరం కన్నా వేళ్లతో ఆడే బేరమే అమ్మకు బాగా కలిసొచ్చేదని నా అనుమానం.

నాన్న ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. రోడ్డు మీద కనిపించే క్రేన్ కాదు. ఇనుమును రోలర్ల మధ్య నలిపి సాగదీసే మిల్లు ఉన్న పెద్ద షెడ్డులో, కప్పు కింద, ఈ చివరి నుంచి ఆ చివరికి పట్టాల మీద కదిలే క్రేన్. దానికి వేలాడే చిన్న క్యాబిన్‌లో కూర్చుని, కింద నిలబడ్డ మనుషుల సైగలు చూస్తూ, ఎర్రగా కాగిన ఇనప దిమ్మల్ని ఎత్తి పక్కన పెట్టడం ఆయన పని. డ్యూటీలు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మారుతూ వచ్చేవి. రాత్రి డ్యూటీని సి షిఫ్ట్ అనేవాళ్లు. సి షిఫ్ట్ నడిచే రోజుల్లో నాన్న తెల్లారాక ఇంటికొచ్చి, స్నానం చేసి, ఇంత చద్దన్నం తిని, కర్టెన్ వేసిన లోపలి గదిలో పడుకునేవాడు. అప్పటి నుంచి సాయంత్రం దాకా మా ఇంటికి మాట పడిపోయేది.

"పైన కూకున్నోడికి కునుకొచ్చిందంటే కిందున్నోడి పానం పోతాది" అని అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ బెదిరించి పెంచింది. ఆ మాట నా ఎముకల్లోకి దిగిపోయింది. నేను గట్టిగా తుమ్మితే ప్లాంటులో ఎవరికో ఏదో అయిపోతుందని చాలా ఏళ్లు నిజంగా నమ్మాను. తుమ్ము వచ్చేటట్టుంటే పెరట్లోకి పరిగెత్తేదాన్ని. అమ్మ కుక్కర్ పెట్టి, అది కూత వేయబోయే క్షణానికి గరిటె కాడతో విజిల్‌ను కాస్త ఎత్తి పట్టి ఆవిరి మెల్లగా వదిలేసేది. కొళాయి కింద బకెట్ పెడితే అడుగున పాత గుడ్డ వేసేది, నీళ్లు పడే చప్పుడు రాకుండా. మేం సైగలతో మాట్లాడుకునేవాళ్లం. ఉప్పుకు ఒక సైగ, మజ్జిగకు ఒక సైగ, పక్కింటావిడ వస్తోందన్న దానికి వేరే సైగ. బంధువులొస్తే మమ్మల్ని చూసి ఇంట్లో ఏదో గొడవ జరిగిందనుకునేవాళ్లు.

నాకు మాత్రం ఆ మధ్యాహ్నాలంటే పిచ్చి ఇష్టం. ముదురు నీలం కర్టెన్ లోంచి వచ్చే వెలుతురులో ముందుగది అంతా నీళ్లలో మునిగినట్టుండేది. ఫ్యాను తిరుగుతూ ఉండేది. బయట బాదంచెట్టు ఆకుల మీద ప్లాంటు దుమ్ము ఎర్రగా పేరుకుని, గాలి వస్తే కొంచెం రాలేది. వానాకాలంలో గాలి అటునుంచి వీస్తే హార్బర్‌లో ఓడ కూత మా ఇంటిదాకా వచ్చేది. ఆ ఓడ ఎక్కడిదో, దాని మీద వంటవాడు ఈ పూట ఏం వండుతున్నాడో, ఎవరి కోసం వండుతున్నాడో అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని. ఒళ్లో పుస్తకం ఉండేది. ఇంటర్ రెండో ఏడు. చదువుతున్నానా అంటే చదువుతున్నట్టే ఉండేదాన్ని.

మా ఇంట్లో నాలుగో మనిషి మామ్మ, నాన్నను కన్న తల్లి. తాతయ్య పోయాక విజయనగరం వైపు పల్లెటూరి నుంచి మాతో ఉండటానికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో ఈ మూగ ఇల్లు చూసి దిగులు పెట్టుకుంది. తర్వాత కేబుల్ టీవీ ఆమెను కాపాడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక సీరియల్ వచ్చేది. మామ్మకు అది చూడకపోతే అన్నం అరగదు. నాన్న పక్కగదిలో పడుకుని ఉంటాడు కాబట్టి టీవీకి నోరు నొక్కేసి బొమ్మలు మాత్రం చూడాలి. పట్టుచీరలు కట్టిన ఆడవాళ్లు ఏడుస్తారు, ఉరుముతారు, మెట్లు దిగుతూ ఆగిపోతారు. ఎందుకో తెలియదు. మామ్మకు ప్రాణం కొట్టుకుపోయేది.

"ఏటంతందే ఆ పిల్ల?" అని నా చెవిలో అడిగేది.

నాకేం తెలుసు? తెలియదంటే ఊరుకోదు. చేతిమీద గిల్లుతుంది. దాంతో ఒక రోజు నోటికొచ్చింది చెప్పేశాను. ఆ పిల్లకు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీ ఉంది, వాళ్ల నాన్న చచ్చిపోతూ ఇచ్చి వెళ్లాడు, ఆడబిడ్డ ఆ ఫ్యాక్టరీ తాళాలు దాచేసింది, లోపల ఐసంతా కరిగిపోతోంది, బోట్లు వచ్చే వేళవుతోంది. అందుకే ఏడుస్తోంది.

"దాని నోట్లో మన్నుబొయ్య" అంది మామ్మ ఆడబిడ్డ గురించి. ఆమెకు పూర్తిగా నచ్చేసింది.

ఆ రోజు నుంచి నాకు అదే పనైపోయింది. గోడకు ఆనుకుని, మామ్మ పక్కన కూర్చుని, గుసగుసగా, తెర మీద పెదాలు కదిలినంతసేపూ నేను మాట్లాడుతుండేదాన్ని. ఆ పట్టుచీరల ఇంట్లోకి నాకు నచ్చినవన్నీ దింపేశాను. డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ వెలిగించే మావయ్యను పెట్టాను. పరవాడ వైపు ఉప్పుమళ్లలో పెరిగిన ఒక మొండి ఆడపిల్లను పెట్టాను. తెర మీద కొత్త మనిషి కనబడితే ఆ మొహం చూసి అప్పటికప్పుడు ఒక జన్మ రాసేసేదాన్ని. నాన్నకు పగటి డ్యూటీ పడిన రోజుల్లో టీవీకి గొంతు తిరిగొచ్చేది. అసలు మాటలు వినిపించేవి. మామ్మ కాసేపు విని మొహం చిట్లించేది.

"ఇదేటే, ఇయాల మాటలు బాగోనేదు. అది నొక్కీ, నువ్వు సెప్పు" అనేది.

నా జీవితంలో అంత మంచి మెప్పు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

అవి కొత్తకొత్తవి ఊళ్లోకి దిగుతున్న రోజులు. పక్కింటి మావయ్య సెల్‌ఫోన్ కొన్నాడు. ఆయన మాకు చుట్టమేమీ కాదు. నాన్నతో పాటు అదే మిల్లులో పనిచేసేవాడు, అమ్మను అక్కా అని పిలిచేవాడు, ఆ లెక్కన నాన్నను బావా అనేవాడు. ఆ ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్‌ను జేబులో పెట్టి, జేబుకు పిన్నీసు పెట్టుకునేవాడు. ఎవరూ ఫోన్ చేసేవాళ్లు కాదు. సాయంత్రం నేను అడిగి తీసుకుని అందులో పాము ఆట ఆడేదాన్ని. పాము తన తోకనే తాను కరుచుకుని చచ్చిపోయేది. జంక్షన్‌లో నెట్ సెంటర్ పెట్టారు. నా క్లాసు అమ్మాయిలతో కలిసి వెళ్లి ఒక ఈ-మెయిల్ అడ్రసు తెరిచాను. తెరిచాక ఎవరికి రాయాలో తోచలేదు. నాకు తెలిసినవాళ్లంతా మా సందులోనే ఉన్నారు. చివరికి నాకు నేనే రాసుకున్నాను, బాగున్నావా అని. మరో రోజు వెళ్లి చూస్తే ఉత్తరం వచ్చి ఉంది. భలే సంతోషం వేసింది. బాగానే ఉన్నానని జవాబిచ్చాను.

మా కాలేజీలో ప్రిన్సిపాల్‌గారికి ఇవన్నీ పడేవి కావు. ఎంట్రన్స్ పరీక్ష దగ్గర పడుతున్నప్పుడు అందర్నీ ఎండలో నిలబెట్టి టీవీ, సెల్, నెట్ అని ఒక్కొక్కదాన్నీ ఉతికి ఆరేశారు. మీ బుర్రల్ని ఇవి తినేస్తున్నాయన్నారు. నాకు ఆయన మీద కొంచెం జాలి వేసింది. నన్ను పాడుచేయడానికి వీటిలో ఏదీ అక్కర్లేదు. సిటీ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, గాజువాక దిగాల్సినదాన్ని కూర్మన్నపాలెం దాకా వెళ్లిపోయి, కండక్టర్ చేత చీవాట్లు తిని, వెనక్కి నడిచి వచ్చేదాన్ని. దారిలో ఏం ఆలోచించావంటే చెప్పలేను. ఒక గోడ మీద సున్నం కారిన మరక చూసి అది ఏ దేశంలా ఉందో అనుకుంటూ వెళ్లి ఉంటాను.

అయినా ఆ రోజు ఆయన మాటలు నాకు గుచ్చుకున్నాయి. నాన్నకు నేను ఇంజినీరింగ్‌లో చేరాలని ఉండేది. ఎప్పుడూ గట్టిగా అనలేదు గానీ, మిల్లులో ఆడపిల్ల ఇంజినీరు ఒకామె హెల్మెట్ పెట్టుకుని వచ్చి క్రేన్ వైపు చూసి నవ్విందని ఒకసారి చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన మొహం నాకు గుర్తుండిపోయింది. దాంతో నేను సన్యాసం పుచ్చుకున్నాను. పాము ఆట మానేశాను. నెట్ సెంటర్ వైపు వెళ్లలేదు. మధ్యాహ్నం సీరియల్ వేళకు పుస్తకాలు పట్టుకుని వెనక వరండాలోకి మారిపోయాను. మామ్మ గుమ్మందాకా వచ్చి, నా మొహం చూసి, వెళ్లి మూగ టీవీ ముందు కూర్చుంది. కాసేపటికే తల వాల్చేసి నిద్రపోయింది.

సరిగ్గా ఆ తర్వాత వచ్చిన సి షిఫ్ట్ నుంచే నాన్నకు నిద్ర కరువైంది.

మొదట్లో ఎవరం పట్టించుకోలేదు. ఎండలు ముదురుతున్నాయి, ఉక్కపోత, అందుకే అనుకున్నాం. పడుకున్నవాడు కాసేపటికే లేచి మంచం మీద కూర్చునేవాడు. కర్టెన్ పక్కకు జరిపి ముందుగదిలోకి చూసి, మళ్లీ పడుకునేవాడు. సాయంత్రానికి కళ్లు ఎర్రగా, మొహం ఉబ్బి ఉండేది. అన్నం కలిపి, తినడం మర్చిపోయి, అలా చూస్తుండేవాడు. అడిగితే ఏమీ లేదనేవాడు. అమ్మకు భయం పట్టుకుంది.

ఒక ఉదయం పక్కింటి మావయ్య నాన్న స్నానాల గదిలో ఉన్న సమయం చూసి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా, బావ రాత్రి క్యాబిన్‌లో తూలిపోయాడు. దిమ్మ గాల్లో ఉంది. కిందనుంచి మనోళ్లు కేకలేత్తే గాని సూసుకోలేదు" అన్నాడు. "ఎవడికీ ఏటీ కాలేదు, అదురుష్టం. కానీ ఇంకోపాలి ఇలగైతే కిందకి దింపీసి యార్డులో ఎయ్యమని పైవోళ్లు అంతన్నారు."

"కళ్లు మూసుకుని పడుంతాడు గాని నిద్దర రాట్లేదురా తమ్ముడూ. నానేటి సెయ్యను?" అంది అమ్మ. ఆమె చేతిలో కత్తిపీట మీద సగం కోసిన బెండకాయ అలాగే ఉంది.

నాన్నకు ఆ క్రేన్ అంటే ఎంత ప్రేమో మాకు తెలుసు. అంత ఎత్తు నుంచి చూస్తే మనుషులంతా మంచివాళ్లలా కనిపిస్తారని అనేవాడు. ఆయన్ను కిందికి దింపేస్తే మళ్లీ లేవడని నాకనిపించింది. అంతకంటే ముందు ఆ దిమ్మ కింద ఎవరైనా ఉంటే అన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఆ రోజు పుస్తకంలో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

అమ్మ చేసిన పనేమిటంటే, ఉన్న నిశ్శబ్దాన్ని ఇంకా చిక్కగా చేసింది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. ఫ్యాను ఒక మూల కిర్రుమంటుంటే నూనె వేయించింది. కుక్కర్ మానేసి గిన్నెలో అన్నం వార్చడం మొదలుపెట్టింది. టీవీ ప్లగ్గే పీకేసింది, దాని లోపల ఏదో సన్నగా మోగుతోందని. మామ్మను మధ్యాహ్నాలు పక్కింట్లో కూర్చోమని పంపేసింది. తన కాళ్ల పట్టీలు తీసి అల్మారాలో దాచింది. ఇంట్లో మనుషులున్నారని దేవుడు వచ్చి వెతికినా కనిపెట్టలేడు. అంత చేసినా నాన్న అప్పుడప్పుడూ లేచి మంచం మీద కూర్చుంటూనే ఉన్నాడు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

అలాంటి ఒక మధ్యాహ్నం నేను మంచినీళ్ల కోసం వరండాలోంచి లోపలికొచ్చాను. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నాన్న కర్టెన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఆ పిల్ల ఐసు ఫ్యాక్టరీ ఏటయ్యింది?" అన్నాడు మెల్లగా.

నాకు ముందు అర్థం కాలేదు. నిద్రలేక మతి తప్పిందేమోనని భయమేసింది.

"ఏ పిల్ల నాన్నా?"

"అదే, టీవీలో పిల్ల. ఆడబిడ్డ తాళాలు దాసీసింది కదా. దొరికినాయా నేదా?"

సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. మామ్మ చెవిలో చెప్పిన మాటలు కర్టెన్ దాటి వెళ్తున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ లైట్‌హౌస్ మావయ్య, ఉప్పుమళ్ల పిల్ల, నేను నవ్వాపుకోలేక ముక్కు మూసుకున్న చోట్లు, అన్నీ విన్నాడన్నమాట.

"నీకు నిద్ర పట్టకుండా చేసింది నేనేనా?" అన్నాను.

"కాదమ్మా. అది ఇంటంటేనే నిద్దరొచ్చీది. అంతకుముందు అన్నేళ్లూ కలత నిద్దరే. సివరిదాకా ఎప్పుడూ ఇన్లేదు. అందుకే అడుగుతన్నాను."

మంచం మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోమని చెప్పి, కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు. "మిల్లు ఆడతన్నంతసేపూ ఒకటే సప్పుడుంటాది. ఆ సప్పుడులో నాకు ఏ బయమూ ఉండదు. అది టక్కున ఆగిపోయిందనుకో, ఎక్కడో ఏటో అయ్యిందన్నమాట. రోలరు ఇరుక్కుందో, మడిసికే ఏటన్నా అయ్యిందో. అందరం లెగిసి సూత్తాం. ఇన్నేళ్లకి ఒళ్లు అలగే తయారైపోయింది. ఇంట్లో సప్పుడు నేకపోతే దానంతటదే లెగిసి కూకుంతాది. ఏటయ్యిందో అని."

"మరి అమ్మకు చెప్పొచ్చు కదా."

"మీ అమ్మ నాకోసరం కుక్కరు కూత కూడా సేత్తో పట్టుకుని ఆపేత్తంది. ఎలగ సెప్పమంతావు?"

నేను మంచినీళ్లు తాగకుండానే వరండాలోకి తిరిగి వెళ్లిపోయాను.

సాయంత్రం నేనే అమ్మకు చెప్పాను. బియ్యం కడుగుతోంది. విని, చేయి ఆపింది. తర్వాత ఆ నీళ్లు పారబోసి మళ్లీ కడిగింది, మళ్లీ పారబోసింది. బాధపడిందని నాకు తెలుస్తూనే ఉంది. మర్నాడు గడియారం గోడ మీదికి వచ్చింది, పట్టీలు కాళ్లకు వచ్చాయి. కుక్కర్ ఎక్కించి, గరిటె పట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడింది. నాన్న పడుకుని ఉండగా మా ఇంట్లో మొదటి విజిల్ వినబడింది. మామ్మ అదిరిపడి పీట మీంచి జారింది. నాన్న లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురం ఆయన్ను చూశాం, ఆయన కుక్కర్‌ను చూశాడు. నాన్న నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు.

"ఊరికే మాటాడమంటే ఏటి మాటాడతారు?" అని నన్ను అడిగింది తర్వాత, చాలా సీరియస్‌గా. నిజంగానే ప్రయత్నించింది. కర్టెన్ పక్కన కూర్చుని నోరు తెరిచింది, మూసేసింది. ఎన్నో ఏళ్లు వేళ్లతో బతికిన మనిషికి మాట ఒక్కసారిగా రాదు కదా. చివరికి నా వైపు చూసి, నువ్వే కానివ్వు అన్నట్టు చేతితో సైగ చేసి లేచి వెళ్లిపోయింది.

అసలు చిక్కు నాకొచ్చింది. పరీక్ష నెత్తి మీదికి వచ్చేసింది. ఐస్ ఫ్యాక్టరీ నడుపుతూ కూర్చుంటే ఫిజిక్స్ ఎవరు చదువుతారు? మొదటి రోజు కథ చెప్పాను. తాళాలు దొరికేలోపే నాన్నకు నిద్ర పట్టేసింది. నేను ఆపగానే గురక కొంచెం తగ్గింది. భయపడి చేతిలో ఉన్న పుస్తకం తెరిచి, కథ చెప్పే గొంతుతోనే అందులో ఉన్నది చదవడం మొదలుపెట్టాను. గుసగుసగా, ఆగకుండా, వస్తువు విరామ స్థితి, బలం, ఘర్షణ. గురక మళ్లీ అందుకుంది. మా లెక్చరర్ చెబుతుంటే నాకు నిద్ర వచ్చే పాఠం, నేను చెబుతుంటే నాన్నను నిద్రపుచ్చింది. అదేమైనా ఫిజిక్స్‌కు గౌరవమో అవమానమో నాకు తెలియదు.

ఇక మధ్యాహ్నాలన్నీ అలాగే. కర్టెన్‌కు ఇవతల నేను, నా పక్కన మామ్మ. మామ్మకు టీవీ పెట్టి ఇచ్చినా చూపు నా పెదాల మీదే ఉండేది. విద్యుత్తు గురించి, అద్దాల గురించి, కాంతి ఎక్కడ వంగుతుందో, ఎందుకు వంగుతుందో చదువుతుంటే ఆ నీలం వెలుతురులో అవన్నీ ఎవరో మనుషుల గురించి చెప్పినట్టే అనిపించేవి. పైకి చదవడం వల్ల కాబోలు, నా బుర్ర కిటికీలోంచి దూకి పారిపోవడం తగ్గింది. పారిపోయినా నోరు ఆగేది కాదు కాబట్టి తిరిగి రావలసి వచ్చేది. "ఆ ఎలుగు పిల్ల మంచిదే, తిన్నగా ఎల్తాది" అంది మామ్మ ఒక రోజు కాంతి గురించి. నాన్న మొహం తేటపడింది. పక్కింటి మావయ్య వచ్చి, బావ ఇప్పుడు కొత్త పెళ్లికొడుకులా హుషారుగా ఉన్నాడని చెప్పి వెళ్లాడు. యార్డు మాట ఇంకెవరూ ఎత్తలేదు.

పరీక్ష రోజున నాన్నకు సి షిఫ్టే. తెల్లారి వచ్చి, నన్ను బస్ ఎక్కించి, ఇంటికెళ్లి పడుకోవాలి. బస్‌స్టాప్‌లో నా పెన్ను రెండుసార్లు రాసి చూశాడు. నాకు పరీక్ష కన్నా ఆ మధ్యాహ్నం గురించే బెంగగా ఉంది. ఈ రోజు ఎవరు మాట్లాడతారు? మామ్మ కూడా పక్కింట్లో పూజకని వెళ్తోంది. రాత్రికి మళ్లీ క్రేన్ ఎక్కాలి. ఆ మాటే అడిగాను. "ఒక్క రోజుకేటి కాదులే. నువ్వు పరీక్ష రాసుకో" అన్నాడు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే ఆవలిస్తూ కనిపించాడు.

పరీక్ష ఎలా రాశానో చెప్పడానికి ఏమీ లేదు. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. కాంతి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు కిటికీ పక్కన సీటు దొరికింది, కానీ ఏ గోడ మీద ఏ మరకా నాకు కనిపించలేదు. గాజువాకలో సరిగ్గా దిగిపోయాను. ఎండ మాడ్చేస్తోంది. సందులోకి దాదాపు పరిగెత్తాను. గేటు గడియ చప్పుడు కాకుండా ఎత్తి, చెప్పులు విప్పి, మెట్టెక్కబోయి ఆగిపోయాను.

లోపల ఎవరో మాట్లాడుతున్నారు. సన్నగా, తడబడకుండా, ధారగా. చుట్టాలెవరైనా వచ్చారేమో అనుకున్నాను. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. అమ్మ గొంతు అంతసేపు ఆగకుండా నడవడం నేను పుట్టాక వినలేదు.

తమ ఊళ్లో పాత మునగచెట్టు గాలికి విరిగిపోయిందట. తోటికోడలు కబురు పంపిందట. పెరట్లో తోటకూర పురుగు పట్టిందట. తన చిన్నప్పుడు బడికి పోకుండా చెరుకు తోటలో దాక్కుంటే మా నాన్నే కనిపెట్టి పట్టుకొచ్చాడట, ఆ కోపం ఇంకా ఉందట. అమ్మ ఆయన మేనమామ కూతురు. పెళ్లి కాకముందు నుంచీ ఆయన్ను బావా అనే పిలుస్తుంది. ఆ పిలుపు కూడా నేను పగటిపూట విని ఎన్నాళ్లయిందో. నాకు లోపలికి వెళ్లాలనిపించలేదు. మెట్టు మీద కూర్చుండిపోయాను.

"ఇంకేటి సెప్పను బావా" అంది అమ్మ కాస్త ఆగి. తర్వాత అదే గొంతుతో, తోటకూర గురించి చెప్పినట్టే చెప్పింది. "నువ్వు సి షిఫ్ట్‌కి ఎల్లిన రాత్రుల్లో నాకు నిద్దర పట్టదు. అత్తా, పిల్లా పడుకున్నాక మంచం మీద కూకునే ఉంతాను. అంతెత్తున కూకున్నావు కదా అని. తెల్లారి గేటు సప్పుడైతే గాని నా గుండె కుదురుకోదు. ఈలోగా పనేళవుతాది. ఇన్నేళ్లూ ఇలగే."

నాన్న నిద్ర కోసం తుమ్ము ఆపుకున్నాను, కథలు చెప్పాను, కాంతిని నిద్రపుచ్చే మందు చేశాను. ఆ ఇంట్లో అమ్మ ఎప్పుడు పడుకుంటుందో ఒక్కసారి కూడా నా ఆలోచనకు రాలేదు. నా ఆలోచనలు ఓడ మీద వంటవాడి దాకా వెళ్లాయి గానీ వంటింటి దాకా రాలేదు. నాకు ఏడుపొచ్చింది, చప్పుడు రాకుండా ఏడవడం నాకు బాగా వచ్చు.

అప్పుడు గమనించాను, లోపల్నుంచి గురక రావడం లేదు.

మంచం కిర్రుమంది. నాన్న లేచి కూర్చున్నట్టున్నాడు.

"మరిన్నాళ్లూ సెప్పలేదేటి?" అన్నాడు.

"ఎప్పుడు సెప్పను?" అంది అమ్మ. "నువ్వు పడుకున్నావు కదా."